సగం గోలీ

మొన్న బాన్సువాడ బస్టాండు దగ్గర మందుల షాపులో నిలబడి ఉన్నాను. నా ముందు నల్లబట్టలు కట్టుకుని, మెడలో మాల వేసుకున్న ఒక పాతికేళ్ల అబ్బాయి ఉన్నాడు. షాపతను డాక్టరు చీటీ చూసి మందులు తీసి బల్ల మీద పెడితే, ఆ అబ్బాయి అందులో ఒక గోలీల పట్టీని మాత్రం వేలితో వెనక్కి నెట్టాడు.

"గివి వద్దు స్వామీ. మనసు బాగుండుటానికి ఇచ్చిండ్రు గని, మత్తు గోలీలంట. మాల తీసినంక సూద్దం."

"వెనక ముడిల పెట్టుకో స్వామీ!" అని ఎవరో గట్టిగా అరిచారు. షాపులో అందరూ నా వైపు తిరిగాక గానీ అరిచింది నేనేనని నాకు తెలియలేదు.

ఇంత వయసొచ్చిన ఆడమనిషిని, బజారులో ముక్కూమొహం తెలియని పిల్లాడి మీద అలా అరిస్తే ఏమనుకుంటారు? ఏమన్నా అనుకోనీ. ఆ మాట నాది కాదు. మా బావ మూలంగా మా ఇంట్లో పుట్టిన మాట. బావ అంటే మా అక్క భర్త. పోయినేడు వరికోతలప్పుడు, పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆయన పేరు చెప్పినా ఊళ్లో చాలామందికి తెలియదు. 'సగం పటేల్' అంటే మాత్రం ఇంటిదాకా తీసుకొచ్చి దించేవాళ్లు. బావకు ఏదీ ఒక్కడే పూర్తిగా తినడం చేతకాదు. హోటల్లో చాయ్ చెబితే సాసర్లో సగం వంచి, ఎదుటి బల్ల మీద ఎవడుంటే వాడి ముందుకు జరిపేవాడు. వాడు తెలిసినవాడా కాదా అన్న పట్టింపే లేదు. నడుముకు ఎప్పుడూ ఒక గుడ్డసంచి, అందులో తమలపాకులు, జర్దా, సున్నం డబ్బీ, ఇత్తడి పిడుల అడకత్తెర ఉండేవి. వక్కలు కత్తిరించే ఆ అడకత్తెరతోనే బెల్లం, అల్లం, జామకాయ, ఆఖరికి బట్టల సబ్బు కూడా రెండు చేసేవాడు. ఒక ముక్క తన నోట్లో వేసుకుని (సబ్బు కాదు లెండి), రెండోది ఎదుటివాళ్ల చేతిలో పెట్టి "ఇగో, నీ సగం" అనేవాడు.

తొంభైల నడుమ నేను ఇక్కడి బళ్లో లెక్కల టీచరుగా చేరి, అక్కావాళ్లింట్లోనే ఒక గదిలో ఉండేదాన్ని. మరదలిని కదా, నా వంతుకు ఎప్పుడూ చిన్న ముక్కే వచ్చేది.

"సగం అంటే రెండు దిక్కుల సమానం బావా" అంటే,

"పెద్ద సగం మీ అక్క తీస్కపోయింది, పోయి ఆమెతోని కొట్లాడు" అనేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని, అది చల్లారి మీగడ కట్టేదాకా అలాగే కూర్చున్నాడు. తను తాగలేదు, ఎవరికీ పోయలేదు. మర్నాటి నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ ఏడు చెరకు బాగా వచ్చింది. వరి బాగా వచ్చింది. ఇంట్లో అందరం నిక్షేపంలా ఉన్నాం. కారణం అంటూ ఏదీ లేదు, అదే అందరికీ మంట. చూడవచ్చిన చుట్టాలు "ఏం తక్కువైందని గిట్ల పన్నడు?" అని అక్కను నిలదీసేవాళ్లు. కాలు విరిగితే కారణం అడగరు గానీ, మనసు విరిగితే మాత్రం లెక్క చెప్పాలి మన ఊళ్లో.

నిజామాబాదులో మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన రోజుకొక గోలీ రాశాడు. వెంటనే ఏమీ కాలేదు. కొన్ని వారాలు పోయాక, ఒక సాయంత్రం నేను బడి నుంచి వస్తుంటే బావ వాకిట్లో కూర్చుని జామకాయ కోస్తున్నాడు. తలెత్తకుండానే చిన్న ముక్క నా వైపు చాపాడు. అది తింటూ ఏడ్చాను, దాపరికం ఎందుకు.

ఆ మరుసటి ఏడు కార్తీకంలో బావ అయ్యప్ప మాల వేసుకున్నాడు. "బాగైన గద, స్వామికి మొక్కు తీర్సుకోవాలె" అన్నాడు. మాల వేసుకున్న మగవాళ్లందరూ స్వాములు, ఆడవాళ్లందరూ మాతలు. నిన్నటిదాకా నా జడ పట్టి గుంజిన బావ, చేతులు జోడించి "మాతా, జర మంచినీళ్లియ్యి" అంటుంటే నాకూ అక్కకూ నవ్వాగేది కాదు.

మాల వేసుకున్నవాళ్లు మందు, మాంసం, బీడీ, జర్దా ఏవీ ముట్టరు. అందుకని బావ ఆ మొదటిరోజే నడుము సంచి విప్పి అక్క చేతికిచ్చి, "మాల తీసినంక ఇయ్యి" అన్నాడు. అక్క దాన్ని అలాగే సందూకలో పెట్టి మూత వేసింది. ఆకులూ వక్కలతోపాటు తన గోలీలు కూడా అందులోనే వేసేశాడని మాకెవరికీ తెలియదు. గోలీ మింగినంక కమ్మగా నిద్ర పడుతుంది కాబట్టి అది కూడా మత్తే అని ఆయన లెక్క. మత్తు వస్తువులన్నీ ఒక్క సంచిలో కట్టి అవతల పెట్టేశాడు.

కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. తర్వాత మొదలైంది.

తెల్లవారక ముందు చన్నీళ్ల స్నానం చేసి వస్తూ గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. ఆ చలిలో కూడా చెమటలు కారేవి. "కన్ను ఇటుసంది అటు తిప్పితే తలల కరెంటు కొట్టినట్టయితుంది మాతా" అన్నాడు నాతో. అన్నం చూస్తే వాంతికొచ్చేది. కాసేపు కునుకు పట్టినా కలలకు ఉలిక్కిపడి లేచేవాడు. వంటింట్లో స్టీలు గిన్నె చప్పుడైతే కొట్టడానికి లేచినట్టు లేచేవాడు. ఒకసారి తల్లి మీద గట్టిగా కసిరాడు. ఆమెను మేమందరం అవ్వ అంటాం. కసిరిన మరుక్షణమే ఆమె పాదాల మీద పడి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. పాత జబ్బులో ఏడుపు లేదు, కోపం లేదు, మనిషే లేడు. ఇది వేరే ఏదో.

ఆ ఏదో ఏమిటో ఊరు తేల్చేసింది. బావకు మాల వేసిన గురుస్వామి ఇంట్లో పూజ జరుగుతుంటే, భజన చప్పుడుకు బావ ఒళ్లంతా వణికింది. కళ్లనుంచి ధారలు కారాయి. కూర్చున్నచోటే పక్కకు ఒరిగాడు. "స్వామి ఒంటి మీదికొచ్చిండు!" అని ఎవరో కేక పెట్టారు. అంతే, హారతి పళ్లెం ఆయన ముఖం ముందుకొచ్చింది.

మర్నాటి నుంచి మా వాకిట్లో జనం. అవ్వ మురిసిపోయి కొడుక్కి పీట వేసి పూలదండ వేసింది. ఒకరు బోరు ఎక్కడ వేయాలని అడుగుతారు, ఒకరు కోడలు ఎప్పుడు తిరిగొస్తుందని అడుగుతారు. బావ కళ్లు మూసుకుని "తెల్వది, పోండ్రి" అంటాడు. ఆ పోండ్రిలో కూడా ఏదో సూచన ఉందని చెప్పుకుంటూ వెళ్లేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒక మధ్యాహ్నం జనం పలచబడ్డాక బావ నన్ను దగ్గరికి పిలిచి, మాతా అనడం కూడా మరచి, "పిల్లా, నిజంగ స్వామే వచ్చిండంటవా?" అన్నాడు. ఆ కళ్లల్లో భయం ఉంది.

సందూకలో చీమలు పట్టాయని అక్క నడుము సంచి విప్పింది ఆ రోజే. గోలీల పట్టీలు పట్టీల్లాగే ఉన్నాయి. అక్క వాటిని పట్టుకుని వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

నేను ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి నిజామాబాదు డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "పాత జబ్బు తిరిగి రాలేదమ్మా, దేవుడూ రాలేదు. అలవాటైన మందు ఒక్కసారిగా ఆపితే ఒళ్లు గిలగిల కొట్టుకుంటుంది. మళ్లీ మొదలుపెట్టించి రేపు తీసుకురండి. మానాలంటే మానొచ్చు, దానికో పద్ధతి ఉంది. ఈ స్థితిలో మాత్రం దూర ప్రయాణం పంపకండి" అన్నాడు.

శబరిమల బస్సు వారంలో బయలుదేరుతోంది. అక్క గోలీ, నీళ్లు తీసుకుని ముందు నిలబడితే బావ ఆ గ్లాసు తోసేశాడు.

"మాల మీద ఉండి మత్తు మింగుమంటవా? నన్ను నాశనం జేద్దామనుకుంటున్నవా?"

"డాక్టరు చెప్పిండయ్యా..."

"డాక్టరుకు మాల సంగతి ఏం ఎరుక!"

అడకత్తెరలో పోకచెక్క అంటారే, అక్క బతుకు అట్లా అయింది. మింగమంటే దైవద్రోహం, ఊరుకుంటే మనిషి దక్కడు. ఆ సాయంత్రం ఆమె కొట్టంలో ఉన్న పురుగుల మందు డబ్బాలన్నీ మోసుకెళ్లి పక్కింటివాళ్ల గోదాములో పెట్టించింది. ఎందుకని నేనడగలేదు. అడిగితే ఇద్దరం తట్టుకోలేకపోయేవాళ్లం.

మర్నాడు పొద్దున్నే పిట్లం నుంచి ఒక తల్లి వచ్చింది, చంకలో నాలుగైదేళ్ల ఆడపిల్ల. వచ్చీరాగానే బిడ్డను బావ కాళ్ల దగ్గర పడుకోబెట్టింది. "స్వామీ, నా బిడ్డకు ఫిట్స్ వస్తయి. దవాఖాన గోలీలు ఏస్తుంటి. నీ మహిమ ఇన్నకాడినుంచి బంద్ జేసిన. నువ్వు సెయ్యి పెడితే సాలు."

కళ్లు మూసుకుని ఉన్న బావ చప్పున తెరిచాడు.

"ఏం బంద్ జేసినవ్?"

"గోలీలు స్వామీ."

"ఎవలు బంద్ జేయమన్నరు?"

"ఎవలు అనలె. నీ మీద నమ్మకంతోని నేనే..."

"గోలీలు యాడున్నయి?"

ఆమె బెదిరిపోయి కొంగు ముడి చూపించింది. "గిండ్లనే ఉన్నయి."

"ఏయి. ఇప్పుడే ఏయి బిడ్డకు!" బావ పీట మీంచి లేచాడు. తూలి స్తంభం పట్టుకున్నాడు. "పసిపోరి పానం మీద నా నమ్మకం ఏంది? నాకేం మహిమ ఉన్నది?"

ఆమె ముడి విప్పలేదు. చేతులు జోడించి అలాగే చూస్తోంది. ఎంత కసిరితే అంత స్వామిలా కనిపిస్తున్నాడేమో ఆమెకు.  బావ ఆమెను చూశాడు, పిల్లను చూశాడు. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ అక్కను చూశాడు.

"గా సంచి తే" అన్నాడు.

అక్క తెచ్చింది. వణికే చేతులతో పట్టీ చింపి, గోలీ అందరికీ కనబడేట్టు పైకెత్తి పట్టుకున్నాడు. "సూడు తల్లీ. గీ గోలీ మానేస్తే నాకు గీ వణుకుడు వచ్చింది. స్వామి రాలె, ఎవ్వలు రాలె. ఇగో, నేను మాల మీద మింగుతున్న. పాపం ఉంటె నాకే రానీ. నువ్వు నీ బిడ్డకెయ్యి. రేపు డాక్టరుకు సూపియ్యి."

మింగాడు. నీళ్లు కూడా అడగలేదు. అవ్వ అయ్యో అంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిట్లం తల్లి కొంగు ముడి విప్పింది. గోలీ చేదుకు పిల్ల ముఖం చిట్లిస్తే, బావ సంచిలోంచి అడకత్తెర తీసి, అక్కడే పూజపళ్లెంలో ఉన్న బెల్లం ముక్కను రెండు చేశాడు. "ఇగో, నీ సగం" అన్నాడు పిల్లతో. ఆ మాట విని ఎన్నాళ్లయిందో! అక్క లోపలికెళ్లి వంటింటి తలుపు వేసుకుంది.

జనం చల్లగా జారుకున్నారు. అవ్వ రెండ్రోజులు కొడుకుతో మాట్లాడలేదు. బావకు మాత్రం ఇంకో దిగులు పట్టుకుంది, మాల మైలపడిందని. సాయంత్రం గురుస్వామి వచ్చాడు. ఆయన వాళ్ల తాతల కాలంలో గోదావరి జిల్లా నుంచి వచ్చి కాలువ కింద పొలం చేసుకుంటున్న రైతు. మాల తీసేయమంటాడేమోనని మేం బిక్కచచ్చి కూర్చున్నాం. ఆయన బావ చేయి పట్టుకుని నాడి చూసినట్టు చూసి, నిదానంగా చెప్పాడు.

"ఇరుముడికి రెండు భాగాలు కదండీ స్వామీ. ముందు ముడి అయ్యప్పది. నేతికొబ్బరికాయ, పూజసామాను అందులో పెడతాం. ఎనక ముడి మనదండి. దారిలో మన తిండీ తిప్పలూ అందులో కట్టుకుంటాం. మీ బిళ్ళలు ఎనక ముడిలో ఎట్టుకోండి. అందులో ఏవుందో తీసి చూసే పని స్వామికి లేదండి."

 బావ నా వైపు తిరిగి, "సూసినవా, దేవుడు గూడ సగమే అడుగుతుండు" అన్నాడు. డాక్టరు దగ్గరికి పోయి వచ్చాడు, వణుకు తగ్గింది. యాత్రకు ఆ బస్సులో కాదు, సంక్రాంతి ముందు ఇంకో జట్టుతో డాక్టరు సరేనన్నాకే వెళ్లొచ్చాడు. గోలీలు వెనక ముడిలోనే వెళ్లాయి.

గోలీ మానాలన్న పట్టు మాత్రం బావను వదల్లేదు. ఆయన స్థిమితంగా ఉన్నాడని డాక్టరు నమ్మకంగా చెప్పేసరికి కొత్త శతాబ్దం వచ్చేసింది. "ఇప్పుడు దిగుదాం. కానీ మెట్టు మెట్టుగా. ఒళ్లు కుదుటపడ్డాకే ఇంకో మెట్టు" అన్నాడు డాక్టరు. మొదటి మెట్టు, రోజుకు సగం గోలీ.

సగం చేయడం బావకు ఒకరు నేర్పాలా? పీట మీద గోలీ పెట్టి, అడకత్తెర నొక్కి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. రెండో ముక్కను అలవాటు కొద్దీ చెయ్యి నా ముందుకు చాపింది. "ఇగో, నీ..." అని ఆగిపోయాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. "గిది ఒక్కటి ఎవలకు ఇయ్యరాదు" అని ఆ ముక్క సున్నం డబ్బీ పక్కన దాచుకున్నాడు. నవ్వాడు గానీ నాకు ఆ నవ్వు నచ్చలేదు.

దిగడం తేలిగ్గా ఏమీ లేదు. తలలో ఆ కరెంటు దెబ్బలు మళ్లీ వచ్చాయి, ఈసారి చిన్నగా. వాటికి ఆయనే పేరు పెట్టుకున్నాడు. పొలంలో మోటారుకు మూడు ఫేజుల కరెంటు కావాలి. ఒకటి పోతే గుర్రుమని ఆగిపోతుంది. తన తలలోనూ అట్లా ఫేజు పోతుందని నాకు చెప్పాడు, అక్కకు చెప్పొద్దన్నాడు. అక్క అడిగితే "ఏం లేదు, మంచిగున్న" అనేవాడు. అక్క నమ్మినట్టు ఊరుకునేది. మేం ముగ్గురం గాజుగిన్నెలు మోస్తున్నట్టు ఆ ఇంట్లో తిరిగేవాళ్లం.

ఒకరోజు ట్రాక్టరు మీద పొలానికి పోయిన బావ నడిచి ఇంటికొచ్చి, మంచం మీద కూర్చున్నాడు. వెనకాలే పక్క పొలమాయన వచ్చి, "వదినా, ట్రాక్టరు కాలువ కట్ట మీద ఇంజను నడుస్తుంటనే ఇడిసి వచ్చిండు అన్న. ముందు టైరు కొసకున్నది. ఇంకింతైతే కాలువలనే" అన్నాడు.

అక్క ఆయన్ని పంపించి వచ్చి బావ ఎదురుగా నిలబడింది. ఆమె గొంతు అంత లేవడం నేనెప్పుడూ వినలేదు.

"దారినపొయ్యేటోనికి చాయ్ల సగం ఇస్తవు. సబ్బు ముక్కల గూడ సగం ఇస్తవు. నీ తలల ఏమైతుందో నాకు సగం జెప్పవా? నేనేమన్న పరాయిదాన్నా? రేపు కాలువలకెల్లి నిన్ను తీసినంక ఎవలో వచ్చి జెప్తె ఇనాల్నా నేను?"

బావ భుజం మీది తువ్వాల తీసి మోకాలి మీద మడత పెట్టాడు. విప్పాడు. మళ్లీ మడత పెట్టాడు. 

"ఫేజు పోయింది. కాలువ రెండు కాలువలైనట్టు కనవడ్డది. భయమైంది."

భయం అనే మాట ఆ నోటి నుంచి రావడం అదే మొదలు. అక్క పక్కన కూర్చుని ఆ తువ్వాల తన చేతిలోకి తీసుకుంది.

ఆ రోజు నుంచి బావ ట్రాక్టరు ముట్టలేదు, డాక్టరు సరే అనేదాకా. నడిచే తిరిగాడు. ఇంకో మార్పు కూడా వచ్చింది. తలలో దెబ్బ తగిలినప్పుడల్లా, ఎక్కడున్నా పైకి "ఫేజ్" అనేవాడు. వంటింట్లోంచో పెరట్లోంచో అక్క "ఊఁ" అనేది. అంతే. ఆమె ఊఁ కొట్టేదాకా కదిలేవాడు కాదు. ఒక మెట్టు మరీ కష్టమైతే డాక్టరు మళ్లీ పైమెట్టు ఎక్కించాడు. అప్పుడు కూడా బావ దాచలేదు. "ఓడిపోయిన" అన్నాడు అక్కతో. "ఎవలతోని కొట్లాట పెట్టుకున్నవని ఓడుటానికి? అన్నం తిను" అంది అక్క. సగం పోయి పావయింది, పావు రోజు విడిచి రోజయింది. మధ్యమధ్య "ఫేజ్", "ఊఁ" వినబడేవి. ఎప్పుడో అవి వినబడడం ఆగిపోయింది. ఎప్పుడాగిందో మేం గమనించనే లేదు.

ఇక అవసరం లేదని డాక్టరు చెప్పినరోజు ఆయన సున్నం డబ్బీ పక్కన ఇంకొక సగం గోలీ మిగిలిపోయి ఉంది. బావ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎటూ తోచక చూశాడు. పారేయడానికి చెయ్యి రాలేదు, దాచుకోవడానికి ధైర్యం చాలలేదు. ఆఖరికి అక్క ముందుకు చాపాడు.

"ఇగో, నీ సగం."

అక్క నవ్వలేదు. ఆ ముక్క తీసుకుని, పిట్లం తల్లిలాగా కొంగున పెట్టి ముడేసింది. "మల్ల ఎప్పుడన్న కష్టమైతే నాకు జెప్పు. సిగ్గువడకు. డాక్టరు కాడికి ఇద్దరం పోదాం. గప్పటిదాక గిది నా కాడ ఉంటది" అంది.

మళ్లీ అవసరం రాలేదు. చీర మార్చినప్పుడల్లా అక్క ఆ ముడిని కొత్త కొంగులోకి మార్చుకునేది. పొద్దున్నే చాయ్ గ్లాసు అందుకుంటూ బావ ఒక చూపు ఆ కొంగు వైపు చూసేవాడు. ముడి కనబడగానే, చాయ్‌లో సగం సాసర్లో పోసి అక్క ముందుకు జరిపేవాడు.

మొన్న మందుల షాపు నుంచి నేరుగా అక్క దగ్గరికే వెళ్లాను. నల్లబట్టల అబ్బాయి సంగతి, నేను అరిచిన సంగతి చెప్పాను. అక్క ఆత్రంగా అడిగింది:

"తీసుకున్నడా గోలీలు?"

"తీసుకున్నడు. డాక్టరును అడగకుండా మానను అన్నడు."

అక్క ఊపిరి వదిలింది. తెలియకుండానే ఆమె చెయ్యి కొంగు చివరికి పోయింది. ఆయన పోయి ఏడాదైనా అక్కడ చిన్న ముడి ఉంది.

"ఇంకా ఉన్నదా అక్కా?"

"పొడి అయింది" అంది అక్క. "పారేద్దామని రోజు అనుకుంట. గని నాకు ఫేజు పోతే ఊఁ కొట్టుటానికి ఎవలున్నరే?"

"ఊఁ" అన్నాను నేను.